ఇంటి నుంచే ఇంగ్లీషు – 14వ పాఠం: స్టీమ్, స్టీమింగ్, స్టీమీ

పోయిన పాఠంలో బాయిల్, సిమర్ తేడా చూశాం. అభ్యాసానికి జవాబు: పప్పు కుతకుతలాడుతుంటే "ది దాల్ ఈజ్ బాయిలింగ్", మంట తగ్గించి సన్నసెగ మీద వదిలేస్తే "లెట్ ఇట్ సిమర్". ఈసారి ఆ గిన్నె మీంచి లేచే ఆవిరి సంగతి.

స్టీమ్ అంటే ఆవిరి. ఆవిరి మీద ఉడికించడాన్నీ స్టీమ్ అనే అంటారు. "స్టీమ్ ది ఇడ్లీస్ ఫర్ టెన్ మినిట్స్." ఇక్కడ చాలామంది బాయిల్ వాడేస్తారు. గుడ్లు, ఆలుగడ్డలు నీళ్లలో మునిగి ఉడుకుతాయి కాబట్టి వాటికి బాయిల్ సరే. ఇడ్లీకి, ఆవిరికుడుముకు తగిలేది ఆవిరి మాత్రమే, కాబట్టి స్టీమ్ అనాలి. అలా ఉడికినది స్టీమ్డ్. హోటల్ మెనూలో "స్టీమ్డ్ రైస్" అని ఉంటే మామూలు తెల్లన్నమే అనుకోండి.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది కాఫీ దగ్గర. తెలుగులో "పొగలు కక్కే కాఫీ" అంటాం, చాలా చక్కటి మాట. దాన్నే ఇంగ్లీషులో "స్మోకింగ్ కాఫీ" అంటే కుదరదు. ఏదైనా కాలితే వచ్చేది స్మోక్, నీళ్లు కాగితే వచ్చేది స్టీమ్. "ఎ స్టీమింగ్ కప్ ఆఫ్ కాఫీ" అనండి. కెటిల్‌లో నీళ్లు మరుగుతున్నప్పుడు దాని ముక్కును గమనించండి. ముక్కుకు ఆనుకుని కొద్దిమేర ఏమీ కనబడదు, ఆ తర్వాతే తెల్లటి తెర మొదలవుతుంది. శాస్త్రం ప్రకారం ఆ కనబడని భాగమే అసలు ఆవిరి. తెల్లగా కనిపించేవి అది చల్లబడి ఏర్పడిన సన్నటి నీటి బిందువులు. మాటల్లో మాత్రం రెండూ స్టీమే.

ఇక స్టీమీ. ఆవిరి కమ్ముకున్న చోటుకు వాడతారు. వేడినీళ్ల స్నానం అయ్యాక అద్దం మసకబారితే "ది బాత్‌రూమ్ ఈజ్ స్టీమీ". కుక్కర్ మూత తీసినప్పుడు కళ్లజోడుకు ఆవిరి పట్టేస్తే "మై గ్లాసెస్ స్టీమ్డ్ అప్".

వాతావరణానికీ వాడతారు, కానీ ఏ ఎండకు పడితే ఆ ఎండకు కాదు. విశాఖలో పడే ఉక్కపోత స్టీమీ. అక్కడ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. మే నెలలో రామగుండంలో మాడ్చే పొడి ఎండను స్టీమీ అనకూడదు, అది స్కార్చింగ్. రోజువారీ మాటల్లో ఉక్కపోతకు హ్యూమిడ్, మగ్గీ అనేవే ఎక్కువ వినిపిస్తాయి. నన్నడిగితే మీరూ వాటినే అలవాటు చేసుకోండి.

ఎందుకంటే స్టీమీకి ఇంకో అర్థం ఉంది. సినిమా, నవల, సీన్ అన్న మాటల ముందు స్టీమీ వస్తే శృంగారం పాలు ఎక్కువని. రాత్రంతా కరెంటు లేక ఉడికిపోయారనుకోండి. ఆఫీసు గ్రూపులో "వి హ్యాడ్ ఎ స్టీమీ నైట్" అని రాస్తే చదివేవాళ్లకు వేరే అర్థం తోస్తుంది. "ఇట్ వాజ్ ఎ హాట్ అండ్ హ్యూమిడ్ నైట్" అని రాయండి. ఉక్కపోతకే వాడే సల్ట్రీ అన్న మాటతోనూ ఇదే జాగ్రత్త.

ఆవిరి ఇంజన్ల నుంచి వచ్చిన జాతీయాలు కొన్ని ఉన్నాయి. బాయిలర్‌లో ఒత్తిడి మితిమీరితే సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని ఆవిరిని వదిలేస్తుంది, మన కుక్కర్ విజిల్ వేసినట్టే. లోపల అణచుకున్న కోపం, టెన్షన్ అలా బయటికి వదలడమే "లెట్ ఆఫ్ స్టీమ్". పరీక్షలయ్యాక పిల్లలు గ్రౌండ్‌కు పరిగెత్తేది అందుకే. అమెరికాలో ఉన్నవాళ్లకు "బ్లో ఆఫ్ స్టీమ్" అని ఎక్కువగా వినబడుతుంది. మొదట్లో ఉన్న ఊపు పోతే "రన్ అవుట్ ఆఫ్ స్టీమ్". ఎవరి సాయం లేకుండా వస్తానంటే "ఐ విల్ కమ్ అండర్ మై ఓన్ స్టీమ్". స్టేషన్‌కు కారు పంపుతామని బంధువులు అంటే, వద్దని మర్యాదగా చెప్పడానికి బాగా పనికొస్తుంది.

అభ్యాసం: ఈ నాలుగూ ఇంగ్లీషులో రాయండి.
1. వేడివేడిగా పొగలు కక్కే టీ ఇచ్చాడు.
2. కుడుములు ఆవిరి మీద ఉడికించాను.
3. బస్సు అద్దాలకు ఆవిరి పట్టింది.
4. ఉద్యమం రెండు నెలలకే చల్లబడింది.

జవాబులు వచ్చే పాఠంలో. అందులో ఫ్రై, రోస్ట్, బేక్ చూద్దాం.