పిల్లిపీచర గడ్డలు: తవ్వడం నుంచి పాలల్లో కాచేదాకా

మా ఇంటి వెనక కంచె పొడవునా ఒక ముళ్ల తీగ అల్లుకొని ఉంటుంది. ఆకులు సూదుల్లా సన్నగా, మెత్తగా ఉంటాయి. మెత్తగా ఉన్నాయి కదా అని చెయ్యి పెడితే కొమ్మల మీది ముళ్లు గీరేస్తాయి. అదే పిల్లిపీచర. ఆయుర్వేదంలో శతావరి అంటారు. శత అంటే నూరు, ఒక్క మొదలు కింద అన్ని గడ్డలు గుత్తిగా దిగుతాయని ఆ పేరు.

మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర పల్లెటూరు. మా అవ్వ కాలంలో బాలింత ఉన్న ఇంటికి ఈ గడ్డలు కావాలంటే కొండెక్కి తవ్వుకొచ్చేవాళ్లు. ఇప్పుడు కొండ మీద ఒక పూటంతా తిరిగినా నాలుగు మొదళ్లు కనబడవు. తవ్వుకుపోయేవాళ్లే గానీ తిరిగి నాటినవాళ్లు లేరు. ఆ బాధతోనే ఇరవై ఏళ్ల కిందట ఒక మొదలు తెచ్చి కంచె పక్కన పెట్టాను. నా కూతురి పురుడుకీ, కోడలి పురుడుకీ గడ్డలు ఆ కంచెలోవే. మీ పెరట్లో రెండడుగుల చోటుంటే మీరూ పెంచుకోవచ్చు, అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు మొక్కను గుర్తుపట్టడం నేర్చుకోండి. నర్సరీలో ఆస్పరాగస్ అని కుండీల్లో అమ్మేవి చాలావరకు అలంకారానికి పెంచే రకాలు, అవి మందుకు పనికిరావు. అసలైనది ఆస్పరాగస్ రెసిమోసస్. చిన్న తెల్ల పూలు గుత్తులుగా పూస్తుంది, దగ్గరికెళితే మంచి వాసన. పండితే కాయలు ఎర్రబడతాయి, వాటిని పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి. ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. మన కంచెల్లోనే అడవి నాభి అనే తీగ కూడా పాకుతుంది, అగ్నిశిఖ అంటారు. దాని పూలు నిప్పు రవ్వల్లా ఎరుపు పసుపు కలిసి ఉంటాయి, ఆకు కొస మెలిదిరిగి పక్క కొమ్మను పట్టుకుంటుంది, దుంప నాగలి కర్రులా రెండుగా చీలి ఉంటుంది. అది ప్రాణం తీసే విషం. పిల్లిపీచర గడ్డలు వేలి లావున, పొడుగ్గా, రెండు కొసలా సన్నబడి, గుత్తిగా వేలాడతాయి. ఏ మాత్రం అనుమానం ఉన్నా తవ్విన దాన్ని వండొద్దు.

నాటడం సులువే. గింజ మొలవడానికి చాలా రోజులు పడుతుంది, సగం మొలవవు కూడా. మొగ్గలున్న మొదలు ముక్క తెచ్చుకుంటే మేలు. గుంత అడుగున్నర లోతు తీసి, తీసిన మట్టిలో ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. నేల గుల్లగా ఉంటేనే గడ్డ ఊరుతుంది. మా నెల్లూరు జిల్లాకు అసలు వానలు ఆశ్వయుజ కార్తీకాల్లో పడతాయి కదా, అప్పుడు మొదట్లో నీళ్లు నిలవకుండా చిన్న కట్ట వేసి కాలవ తీయండి. నీళ్లు నిలిస్తే గడ్డలు కుళ్లిపోతాయి. ఎండాకాలంలో వారానికి రెండు తడులు చాలు. పాకడానికి కంచో, రెండు కర్రలో ఉండాలి.

తవ్వడానికి తొందరపడకండి. ఏడాది లోపు తవ్వితే పెన్సిలంత వేర్లు వస్తాయి, వాటిలో సారం ఉండదు. రెండేళ్లు నిండనివ్వండి. నేను ముసురు తగ్గాక, సంక్రాంతికి ముందు తవ్వుతాను. నేలలో ఇంకా పదును ఉంటుంది కాబట్టి గడ్డ తెగదు. మొదలుకు జానెడు దూరంలో పలుగు దించి, చుట్టూ మట్టి వదులు చేసి, చేత్తో తడుముకుంటూ ఒక్కో గడ్డా లాగాలి.

ఇక అసలు పని పీచు తీయడం. మా అవ్వ దీన్ని ఎవరికీ అప్పజెప్పేది కాదు. గడ్డలు మట్టి పోయేదాకా మూడు నీళ్లు కడిగి, మరిగే నీళ్లలో అయిదు నిమిషాలు వేసి తీయండి. పై తోలు వేలితో నలిపితే ఊడి వస్తుంది. లోపల గడ్డ తెల్లగా, జిగురుగా, చేతిలో జారుతుంది. కత్తి మొనతో నిలువునా గాటు పెట్టి విప్పితే మధ్యలో ఒక తాడు లాంటి పీచు కనబడుతుంది. దాని కొస గోటితో పట్టుకొని లాగితే ఒక్కసారిగా పొడుగునా వచ్చేస్తుంది. రాకపోతే ఇంకో నిమిషం వేడి నీళ్లలో వేయండి. పీచు ఉంచేసి ఎండబెడితే పొడి గొంతులో గరగరలాడుతుంది, నమలలేరు, అరగదు. మా కోడలు మొదటిసారి కూర్చున్నప్పుడు, "అత్తా, ఇంత పనా?" అంది. కిలో గడ్డలకు ఇద్దరం గంటన్నర కూర్చున్నాం.

తీసిన ముక్కలు అంగుళం కొలతకు తరిగి, పలచటి గుడ్డ మీద నీడలో ఆరబెట్టండి. నాలుగు రోజులకు తోలులా వంగుతాయి, ఆ తర్వాత ఒక పూట లేత ఎండ చూపిస్తే పుటుక్కున విరుగుతాయి. నేను తూచినప్పుడు కిలో పచ్చి గడ్డకు నూట ఇరవై గ్రాములు మిగిలాయి. అందుకే ఎక్కడైనా కారుచౌకగా పొడి అమ్ముతుంటే నేను కొనను. ఒకసారి కొని చూశాను, పీచుతో సహా దంచినది, పైగా పురుగు. ఎండు ముక్కలు గాజు సీసాలో దాచుకొని, నెలకు సరిపడా మాత్రమే మిక్సీ పట్టి గుడ్డతో జల్లించుకోండి. పొడి గాలి తగిలితే చెమ్మ లాగి గడ్డకడుతుంది.

వాడేది ఇలా. చిన్న గిన్నెలో ఒక గ్లాసు పాలు, ఒక గ్లాసు నీళ్లు పోసి, ఒక టీస్పూను పొడి (సుమారు 3 గ్రాములు) వేసి, సన్న సెగ మీద నీళ్లు ఇగిరి పాలంత మిగిలేదాకా కాచాలి. ఆయుర్వేదంలో దీన్ని క్షీరపాకం అంటారు. వడగట్టి, చిటికెడు ఏలకుల పొడి, కావాలంటే పటిక బెల్లం. మా ఇళ్లలో బాలింతలకు పాలు పడటానికి, తెల్లబట్ట అవుతూ నీరసించిన వాళ్లకు, ముట్లుడిగే వయసులో ఒళ్లు మంటలెత్తే వాళ్లకు రోజుకు ఒకసారి ఇస్తారు. పాలు తాగితే ఒంటికి సరిపడని వాళ్లకు నీళ్లలో కాచి ఇవ్వొచ్చు.

లేహ్యం పురిటింటి వంటకం. అరకిలో పచ్చి గడ్డలు పీచు తీసి మెత్తగా రుబ్బి, గుజ్జును నాలుగు చెంచాల నెయ్యిలో పచ్చి వాసన పోయేదాకా వేయించాలి. అరకిలో బెల్లం కరిగించి వడకట్టి పోసి, కలుపుతూనే ఉండాలి. నేను మా ఉదయగిరి చెక్క గరిటెతోనే కలుపుతాను, అడుగు గీరకుండా వస్తుంది. గుజ్జు అంచులు వదిలి ముద్దగా తిరిగినప్పుడు శొంఠి పొడి, ఏలకులు, ఇంకొంచెం నెయ్యి వేసి దించండి. రోజుకు ఉసిరికాయంత. షుగరు ఉన్నవాళ్లకు ఇది వద్దు.

పాలు పడే సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. దీని మీద పరిశోధనలు చిన్నవే జరిగాయి. ఒకదాంట్లో గుణం కనబడింది, ఇంకోదాంట్లో తేడా లేదు. బిడ్డ ఎంత చీకితే పాలు అంత ఊరుతాయి. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టించి, రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు రొమ్ముకు పెట్టుకోవాలి. ఆ పని మానేసి కషాయం తాగితే పాలు రావు. నా కూతురికి మూడో రోజు పాలు చాలడం లేదని టెన్షన్ పడి లేహ్యం డబ్బా తెరిచాను. ఆస్పత్రి నర్సమ్మ వచ్చి బిడ్డను పట్టుకునే తీరు సరిచేసింది. సాయంత్రానికి బిడ్డ కడుపు నిండా తాగి పడుకుంది. లేహ్యం ఆ తర్వాత బలానికి తింది.

ఎవరు తినకూడదో కూడా తెలుసుకోండి. గర్భిణులు డాక్టర్ని అడగకుండా వద్దు. రొమ్ము, గర్భాశయ క్యాన్సర్ ఉన్నవాళ్లు, ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో పెరిగే కణితులు) ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు, ఇది హార్మోన్ల మీద పనిచేస్తుందన్న అనుమానం ఉంది. దీనివల్ల మూత్రం ఎక్కువగా వస్తుంది కాబట్టి కిడ్నీ జబ్బుకో, బీపీకో, షుగరుకో మాత్రలు వాడేవాళ్లు అడిగే తినాలి. ఒళ్లు దురద పెట్టినా, దద్దు లేచినా ఆపేయండి.

నా నలభై నాలుగో ఏట ముట్టు ఎక్కువై, రోజుకు ఆరేడు గుడ్డలు మార్చేదాన్ని. వేడి చేసిందనుకొని మూడు నెలలు ఈ పాలే తాగాను. మెట్లెక్కితే ఆయాసం, కళ్ల ముందు చీకట్లు. చివరికి పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7 ఉంది. ఆడవాళ్లకు 12 ఉండాలి. స్కానింగులో ఫైబ్రాయిడ్ కనబడింది. ఆ మూడు నెలలూ నేను ఊరికే పోగొట్టుకున్నాను. తెల్లబట్ట పెరుగు విరిగినట్టున్నా, వాసన వచ్చినా, దురద ఉన్నా అది ఇన్ఫెక్షన్, దానికి మందు వేరే. ముట్లుడిగిన తర్వాత ఒక్క చుక్క రక్తం కనబడినా ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లండి. గడ్డలు ఎక్కడికీ పోవు, సీసాలోనే ఉంటాయి.

తవ్విన రోజే చేయాల్సిన పని ఇంకోటుంది. మొదలును పారేయకండి. కింద నాలుగు గడ్డలు, పైన మొగ్గలు ఉండేలా ఉంచి, తీగను జానెడుకు కత్తిరించి, అదే గుంతలో కొత్త ఎరువు వేసి తిరిగి పాతండి. మొదలు పెద్దదైతే కత్తితో రెండు చేసి, రెండోది గోనెలో చుట్టి తడిపి పక్కింటికి ఇవ్వండి. మొన్న పుష్యంలో మా ఎదురింటి కోడలికి అలా ఒకటి ఇచ్చాను. నీళ్లు పోయడం మరిచిపోతుందేమోనని రోజూ సాయంత్రం వెళ్లి చూసొచ్చాను. ఇరవై రోజులకు మట్టి చీల్చుకొని లేత ఊదా రంగు మొలక ఒకటి వచ్చింది.