ప్రొపెల్లర్ తిరుగుతున్నట్టే కనిపించాలంటే

మిత్రులు పంచుకునే విమానాల ఫోటోల్లో నన్ను తరచూ బాధపెట్టేది ఒకటుంది. విమానం గాలిలో ఉంటుంది, ప్రొపెల్లర్ మాత్రం ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఇంజిన్ చెడిపోయిందేమో అనిపిస్తుంది. తప్పు కెమెరాది కాదు, షట్టర్ వేగానిది, అంటే ఫోటో తీసేటప్పుడు కెమెరా తలుపు (షట్టర్) ఎంతసేపు తెరుచుకుని ఉంటుందన్నదానిది.

ప్రొపెల్లర్లతో నడిచే ప్రయాణికుల విమానం ఏటీఆర్ 72నే తీసుకోండి. టేకాఫ్ సమయంలో దాని ప్రొపెల్లర్ నిమిషానికి సుమారు 1200 సార్లు, అంటే సెకనుకు 20 చుట్లు తిరుగుతుంది. 1/1000 సెకనులో అది తిరిగేది 7 డిగ్రీలే. ప్రొపెల్లర్ రెక్కలు బిగుసుకుపోయినట్టు పడతాయి. షట్టర్ వేగాన్ని 1/125 సెకనుకు తగ్గిస్తే, అంటే షట్టర్‌ను ఇంకా ఎక్కువసేపు తెరిచి ఉంచితే, దాదాపు 58 డిగ్రీలు తిరుగుతుంది. ఆరు రెక్కల మధ్య దూరం 60 డిగ్రీలు కాబట్టి దాదాపు నిండు వలయం వస్తుంది. ఎంత అందంగా ఉంటుందో!

అయితే ఆ వేగంలో చెయ్యి కాస్త కదిలినా విమానమే మసకబారుతుంది. అందుకే మొదట 1/320తో మొదలుపెట్టి, చెయ్యి కుదిరేకొద్దీ తగ్గించుకుంటూ రండి. పాదాలు కదపకుండా నడుము నుంచి తిరుగుతూ విమానాన్ని అనుసరించాలి. బటన్ నొక్కాక కూడా ఆ కదలికను ఆపకూడదు. చాలామంది తడబడేది సరిగ్గా ఇక్కడే. పది తీస్తే ఒకటి బాగా వచ్చినా నాకు చాలు. హెలికాప్టర్ పైన తిరిగే రోటర్ ఇంకా నెమ్మది, దానికి ఇంతకన్నా తక్కువ షట్టర్ వేగం కావాలి. జెట్ విమానాలకు ప్రొపెల్లర్ ఉండదు కాబట్టి 1/1000 నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

ఫోటో పంచుకునేటప్పుడు వాడిన షట్టర్ వేగాన్ని కూడా రాయండి. కొత్తగా నేర్చుకునేవారికి అది ఎంతో ఉపయోగపడుతుంది.