యూనివర్సిటీ రిమోట్ సర్వర్‌లో మీ బ్రౌజర్ సెట్టింగులు నిలవాలంటే

ఎంఎస్ కోసం అమెరికా వచ్చిన తమ్ముళ్లకి, చెల్లెళ్లకి సిమ్, బ్యాంకు అకౌంటు, అద్దె గది గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

క్లాసులు మొదలయ్యాక మ్యాట్‌ల్యాబ్ లాంటి సాఫ్ట్‌వేర్ కోసం యూనివర్సిటీ రిమోట్ సర్వర్‌లోకి లాగిన్ అవుతారు. అక్కడే క్రోమ్ కూడా తెరుస్తారు. అది మీ ల్యాప్‌టాప్‌లోని క్రోమ్‌లాగే కనిపిస్తుంది. కానీ నడిచేది సర్వర్‌లో, మీకు కనబడేది దాని తెర మాత్రమే. వెబ్‌సైట్లకు కూడా మీరు యూనివర్సిటీ నెట్‌వర్క్ నుంచి వచ్చినట్టే తెలుస్తుంది. ఇంట్లో తెరుచుకోని జర్నల్ పేపర్లు అక్కడ తెరుచుకునేది అందుకే.

మొదటి సెమిస్టర్‌లో నేను ఒక రాత్రంతా కూర్చుని ప్రాజెక్టుకి కావాల్సిన పేపర్లన్నీ బుక్‌మార్క్ చేసుకుని సైన్ ఔట్ అయ్యాను. పొద్దున లాగిన్ అయితే ఒక్కటీ లేదు. సబ్మిషన్ ముందు ఆ టెన్షన్ మీకు రాకూడదు.

ఎందుకలా జరిగిందో తర్వాత తెలిసింది. వెనకాల ఉండేది ఒక్క మెషీన్ కాదు, చాలా ఉంటాయి. ఏ రోజు ఏది ఇస్తారో మన చేతిలో ఉండదు. విండోస్‌లో ప్రతి యూజర్‌కీ యాప్‌డేటా అనే ఫోల్డర్, అందులో లోకల్, రోమింగ్ లాంటి భాగాలు ఉంటాయి. మీ ప్రొఫైల్, అంటే మీ సెట్టింగులు, ఫైళ్లు ఏ మెషీన్‌లో లాగిన్ అయినా మీ వెంట వచ్చేలా చేసే రోమింగ్ ప్రొఫైల్ పద్ధతి వాడే చోట, ఈ ఫోల్డర్‌లో రోమింగ్ భాగమే మీ వెంట ఇంకో మెషీన్‌కి వస్తుంది. క్రోమ్, ఎడ్జ్ తమ సెట్టింగులన్నీ లోకల్‌లో పెట్టుకుంటాయి. ఫైర్‌ఫాక్స్ మాత్రం రోమింగ్‌లో పెట్టుకుంటుంది. అందుకే అలాంటి సర్వర్‌లో నేను ఫైర్‌ఫాక్స్‌నే వాడమంటాను. కొన్నిచోట్ల ఎఫ్ఎస్‌లాజిక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అది మీ ప్రొఫైల్ మొత్తాన్ని ఒక వర్చువల్ డిస్క్‌లో ఉంచి, లాగిన్ అయినప్పుడు తగిలిస్తుంది. అక్కడైతే ఏ బ్రౌజరైనా ఫరవాలేదు.

మీ దగ్గర ఏది ఉందో తేల్చుకోవడం తేలికే. ఒక బుక్‌మార్క్ పెట్టండి, హోమ్ పేజీ మార్చండి, స్టార్ట్ మెనూలోంచి సైన్ ఔట్ అవ్వండి. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కితే కనెక్షన్ తెగుతుందే కానీ సెషన్ సర్వర్‌లో అలాగే నడుస్తుంటుంది, పరీక్ష చేసినట్టు కాదు. మర్నాడు మళ్లీ చూడండి. రెండుమూడు రోజులు ఇలా చేస్తే మంచిది, మొదటి రోజు మళ్లీ అదే మెషీన్ రావచ్చు.

డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మీ ల్యాప్‌టాప్‌లోకి రావు, సర్వర్‌లోనే పడతాయి. బ్రౌజర్ సెట్టింగుల్లో డౌన్‌లోడ్ ఫోల్డర్‌ని యూనివర్సిటీ మీకిచ్చిన నెట్‌వర్క్ డ్రైవ్‌కి మార్చేయండి. బుక్‌మార్క్‌లను కూడా వారానికోసారి ఎక్స్‌పోర్ట్ చేసి అక్కడే దాచండి.

బ్రౌజర్‌లో అకౌంట్‌తో లాగిన్ అయితే బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌లు అన్ని మెషీన్లలోకీ తెచ్చే సింక్ వాడాలనుకుంటే మీ సొంత జీమెయిల్‌తో వద్దు. ఇంటి పాస్‌వర్డ్‌లన్నీ పదిమంది వాడే సర్వర్‌లోకి వచ్చేస్తాయి. యూనివర్సిటీ అకౌంట్‌తో, బుక్‌మార్క్‌లు, సెట్టింగుల వరకే పెట్టుకోండి. ఊళ్లోని బ్యాంకు అకౌంటు అక్కడి నుంచి అసలు తెరవకండి.

తెలుగు టైప్ చేయాలంటే రిమోట్ సెషన్ లోపలి విండోస్‌లో కూడా తెలుగు కీబోర్డ్ కలుపుకోవాలి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే ఒక్కోసారి ల్యాప్‌టాప్ భాషే మారుతుంది. ఆ మీటలు రిమోట్ మెషీన్‌కి వెళ్లేలా రిమోట్ డెస్క్‌టాప్ ఆప్షన్లలో మార్చుకోవచ్చు.

ఇంత చేసినా సెట్టింగులు నిలవకపోతే క్రోమ్ అడ్రస్ బార్‌లో క్రోమ్ అని, కోలన్, రెండు స్లాష్‌లు, వెర్షన్ అని కొట్టండి. ప్రొఫైల్ పాత్ అనే వరుస కనిపిస్తుంది. దాన్ని, ఆ రోజు వచ్చిన మెషీన్ పేరుని హెల్ప్‌డెస్క్‌కి పంపి, “నా ప్రొఫైల్ సైన్ ఔట్ తర్వాత నిలుస్తుందా, లోకల్ ఫోల్డర్ కూడా వెంట వస్తుందా?” అని అడగండి.