పాత బండి హెడ్‌లైటు వెలగకపోతే: వైరింగ్ కిట్టు మార్చే ముందు చూడాల్సినవి

ఒంగోలు నించి కొత్తపట్నం వైపు గానీ, నెల్లూరు నించి మైపాడు వైపు గానీ పాత బుల్లెట్ తోలేవాళ్లని అడగండి. ఇంజను గురించి గొప్పగా చెబుతారు, హెడ్‌లైటు మాటెత్తితే మొహం ముడుస్తారు. కోతల రోజుల్లో తార్రోడ్డు మీద సగానికి వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి ఉంటారు. ఆ రాయి దగ్గరికొచ్చాక కనపడితే బ్రేకు తొక్కే వ్యవధి ఉండదు. వాయిదా వేయాల్సిన పని కాదు ఇది.

షాపులో మొదట వినపడే మాట, "కిట్టు మొత్తం మార్చేద్దాం అన్నా" అని. కిట్టు అంటే బండిలోని వైర్ల కట్ట. తొందరపడొద్దని నా సలహా. పాత బళ్లలో ఎక్కువగా తప్పు ఉండేది ఎర్తులోనూ (కరెంటు బండి బాడీ గుండా తిరిగి వెళ్లే దారి), జాయింట్లలోనూ. సముద్రపు గాలికి తొడుగు లోపల రాగి తీగకి పచ్చగా చిలుము పడుతుంది, పైకి వైరు కొత్తదానిలాగే ఉంటుంది. ఎర్తు బాగుచేయకుండా కొత్త కిట్టు వేస్తే ఆర్నెల్లలో మళ్లీ అదే కథ.

ముందు మీ బండి ఏ రకమో తేల్చుకోండి. ఇంజను ఆపి, తాళం ఆన్ చేసి హెడ్‌లైటు వేయండి. వెలిగితే కరెంటు బ్యాటరీ నించి వస్తోంది. కిక్కు కొట్టాకే వెలిగి, రేస్ చేస్తే పెరుగుతుంటే మాగ్నెట్ (ఇంజను తిరిగితే కరెంటు పుట్టించే భాగం) నించి నేరుగా వస్తోంది. యమహా ఆర్‌ఎక్స్ 100 రెండో రకం. స్లోలో లైటు మందగించడం ఆ బండికి సహజం, దాన్ని జబ్బు అనుకుని బ్యాటరీ మార్చినా ఉపయోగం ఉండదు.

లైటు ఎర్రగా, నీరసంగా వెలుగుతోంది

అందరికీ వచ్చే సమస్య ఇదే, కొంచెం ఓపిగ్గా చూడాలి. బల్బు ఇచ్చే వెలుగు వోల్టేజీ తగ్గిన దానికంటే చాలా వేగంగా పడిపోతుంది. 6 వోల్టుల బండిలో ఒక్క వోల్టు దారిలో పోతే వెలుగు దాదాపు సగమే మిగుల్తుంది. పైగా 6 వోల్టుల మీద 35 వాట్ల బల్బు సుమారు 6 ఆంపియర్లు లాగుతుంది. అదే 12 వోల్టులైతే 3 ఆంపియర్లు చాలు. 6 వోల్టుల బండి చిన్న జాయింటు లోపాన్ని కూడా ఓర్చుకోలేకపోవడానికి కారణం అది.

బ్యాటరీ నించి వెలిగే బండి అయితే మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, లైటు వెలుగుతుండగానే చూడండి. లైటు ఆపి చూస్తే మీటరు మోసం చేస్తుంది: ఒక్క పోగు మిగిలిన వైరులో కూడా లోడు లేకపోతే పూర్తి వోల్టేజీ కనపడుతుంది. మీటరు ఒక పుల్ల బ్యాటరీ ప్లస్ మీద, రెండోది బల్బు హోల్డర్‌కి కరెంటొచ్చే పిన్ను మీద పెట్టండి. వచ్చిన అంకె ప్లస్ దారిలో పోతున్న వోల్టేజీ. తర్వాత ఒకటి బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి హోల్డర్ బాడీ మీద పెట్టండి. అది ఎర్తు దారిలో పోతున్నది. 0.2, 0.3 దాటితే ఆ వైపు పని ఉందని అర్థం.

ఎర్తు వైపు ఎక్కువ చూపిస్తే ఆశ్చర్యం లేదు. పాత బళ్లలో డూమ్ (హెడ్‌లైటు గిన్నె) నించి ఛాసిస్‌కి కరెంటు తిరిగి వెళ్లే దారి ఫోర్కు, హ్యాండిల్ కింద బాల్స్, వాటి చుట్టూ గ్రీజు. ఇప్పుడు ముచ్చటపడి పౌడర్ కోటింగ్ చేయిస్తున్నారు కదా, ఆ రంగు కరెంటుని అసలు పోనివ్వదు. బండి పెళ్లికొడుకులా తయారై వస్తుంది, లైటు మాత్రం చస్తుంది. మందు ఒకటే: హోల్డర్ నించి 1.5 చదరపు మిల్లీమీటర్ల సన్న పోగుల ఆటో వైరు విడిగా తెచ్చి ఛాసిస్ బోల్టుకి, అక్కణ్నించి బ్యాటరీ మైనస్‌కి కలపండి. బోల్టు కింద రంగు గీకి ఇనుము తెల్లగా కనపడాలి. పళ్ల వాషరు వేసి బిగించి, పైన వాసెలిన్ పూయండి. పాత బ్రిటిష్ బళ్లలో కొన్నిటికి ప్లస్సే బాడీకి ఉంటుంది కాబట్టి ఊడదీసే ముందు మీ బండిది ఏదో చూసుకోండి.

ప్లస్ వైపు పోతుంటే ఒక్కో జాయింటూ దాటుకుంటూ వెళ్లండి. బుల్లెట్లో హెడ్‌లైటు కప్పులో ఉండే ఆంపియర్ మీటరు వెనక నట్లని ముందు చూడండి. లైటు కరెంటు దాని గుండానే పోతుంది. నట్టు వదులైతే లైటు, హారన్, అన్నీ కలిసి వచ్చి పోతుంటాయి. ఆ తర్వాత డిమ్-డిప్ స్విచ్చి. విప్పి, లోపలి ఇత్తడి బిళ్లల్ని సన్న ఎమెరీ కాగితంతో రుద్దితే చాలాసార్లు అక్కడితో పని అయిపోతుంది.

అద్దం లోపలి వెండి పూత నల్లబడితే మాత్రం వైరింగ్ ఎంత బాగున్నా వెలుగు రాదు, రిఫ్లెక్టర్ మార్చాల్సిందే.

డిప్ వేస్తే హై బీమ్ నీలం దీపం కూడా మసగ్గా వెలుగుతోంది

ఇది హోల్డర్‌కి ఎర్తు లేదని చెప్పే గుర్తు. తిరిగి వెళ్లే దారి దొరక్క కరెంటు రెండో ఫిలమెంటు గుండా, ఆ చిన్న దీపం గుండా దారి వెతుక్కుంటుంది. పైన చెప్పిన ఎర్తు వైరుతో పోతుంది.

హ్యాండిల్ తిప్పితే లైటు పోతోంది

మెడ దగ్గర వైరు లోపల తెగింది. తొడుగు బాగుండి రాగి తెగడం వల్ల కంటికి కనపడదు. లైటు వేసి, వేళ్లతో వైరుని కొంచెం కొంచెంగా వంచుతూ పోతే మిణికే చోటు దొరుకుతుంది. అక్కడ అతుకు వేయొద్దు, ఆ ముక్క మొత్తం మార్చండి.

బల్బులు మాటిమాటికి పోతున్నాయి

మాగ్నెట్ మీద నేరుగా వెలిగే బండి అయితే వోల్టేజీ హద్దు దాటకుండా ఆపే రెగ్యులేటర్ చూడండి. చాలావాటికి బాడీయే ఎర్తు, రంగు అడ్డమైతే పనిచేయదు. 12 వోల్టుల బండి రేస్ చేసినప్పుడు మీటరు ఏసీ మీద 15 దాటకూడదు. రెగ్యులేటరే లేని పాత మాగ్నెట్ బళ్లలో బల్బులే వోల్టేజీని అదుపులో పెడతాయి. హెడ్‌లైటు బల్బు పోయిన క్షణంలో ఆ కరెంటంతా వెనక బల్బు మీద పడి అదీ పోతుంది. 35 వాట్ల చోట 25 వాట్లది పెట్టినా ఇదే గతి. కంపెనీ చెప్పిన వాట్లే వాడండి.

నిజంగానే వైరు మార్చాల్సి వస్తే

తొడుగు గుల్లబారి పొడిపొడిగా రాలుతుంటే మార్చక తప్పదు. విప్పే ముందు ఫోటోలు తీసి, రంగులు కాగితం మీద రాసుకోండి. ఇంటి వైరింగ్‌కి వాడే గట్టి ఒంటి తీగ వద్దు, బండి అదురుకి విరుగుతుంది. జాయింట్లని క్రింప్ చేసి (లోహపు టెర్మినల్‌లో పెట్టి గట్టిగా నొక్కి) స్లీవ్ తొడగండి. సోల్డర్ చేస్తే దాని అంచు దగ్గరే తీగ తెగడం నేను ఎక్కువగా చూశాను. డూమ్ రంధ్రానికి రబ్బరు బుష్ తప్పనిసరి. మెడ దగ్గర కొంచెం వదులు ఉంచి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూశాకే క్లిప్పులు బిగించండి. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజ్ పెట్టండి.

ఫ్యూజ్ వేసే ముందు దాని చోట ఒక టెస్ట్ బల్బు కలపండి. స్విచ్చిలన్నీ ఆపి ఉన్నా అది వెలిగితే ఎక్కడో షార్ట్ ఉంది. ఒక్కో వైరూ ఊడదీస్తూ పోండి, ఏది తీస్తే ఆరిందో అదే దొంగ. అది సరిచేశాక ఫ్యూజ్ వేసి, చీకటి పడ్డాక గోడ ముందు బండి నిలబెట్టి, మీరు సీటు మీద కూర్చుని, డిప్ వెలుగు డూమ్ ఎత్తు కంటే కిందే పడేలా తిప్పి బోల్టు బిగించండి.