కుందేళ్లకు తొలకరి పచ్చిమేత పెట్టే ముందు

మృగశిర కార్తె వానలు రెండు పడ్డాయో లేదో, మా వైపు ఒక షెడ్డులో పాలు మాన్పించిన కుందేలు పిల్లలు వారం తిరక్కుండా ఒక వరసంతా పోయాయి. పొట్టలు ఉబ్బి బిగిసిపోయాయి, పంజరాల కింద అంతా జిగురు పారుడు. ఏం పెట్టావని అడిగితే ఆయన చెప్పింది ఇది: "పెల్లెట్ బస్తా రేటు పెరిగిందన్నా. గట్ల మీద గడ్డి మోకాలెత్తు వచ్చింది, మునగ కూడా చిగురేసింది. సోమవారం నుంచి దాణా ఆపేసి అదే వేస్తున్నా." ఏదో రోగం తగిలిందని ఊళ్లో అనుకుంటున్నారు. నాకు మాత్రం ఆ "సోమవారం నుంచి" దగ్గరే అనుమానం.

నీళ్లు పెట్టండి, పంజరాలు కడగండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. దాణా ఖర్చు తగ్గించుకుందామని మాంసకృత్తులున్న ఆకులు, నూనె తీసిన గానుగ చెక్కలు వెతుక్కుంటున్నవాళ్ల కోసం రాస్తున్నాను.

మేత మార్చేటప్పుడు

ఒక్కపూటలో మేత మార్చకండి. కుందేలు పెద్దపేగు మొదట్లో సీకం అనే సంచి ఉంటుంది. పీచును పులియబెట్టే సూక్ష్మజీవులు అందులోనే బతుకుతాయి. అక్కడ తయారైన మెత్తటి పెంటికలను కుందేలు నేరుగా నోటితో అందుకుని తింటుంది, మాంసకృత్తులూ బి విటమిన్లూ అలా మళ్లీ ఒంటికి పడతాయి. ఆ సూక్ష్మజీవులు అలవాటైన మేతకు తగ్గట్టు కుదురుకుని ఉంటాయి. పీచు తగ్గి మాంసకృత్తులు ఒక్కసారిగా మీదపడితే సీకంలో అమ్మోనియా పెరుగుతుంది, క్లాస్ట్రీడియం లాంటి చెడ్డ బ్యాక్టీరియాకు అదను దొరుకుతుంది. పైగా కుందేలు వాంతి చేసుకోలేదు. తిన్నది కిందికే పోవాలి, పేగు కదలడం ఆగితే బతికించడం కష్టం.

ఏ కొత్త ఆకైనా మొదటి రెండు రోజులు ఒక్క గుప్పెడే. తర్వాత వారం పది రోజుల మీద మెల్లగా పెంచుతూ, పాత దాణాను నాలుగో వంతు చొప్పున తగ్గించుకుంటూ రండి. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెట్టొద్దు, పారుడు పట్టుకుంటే దేనివల్లో తేల్చుకోలేరు. నాలుగు నుంచి ఎనిమిది వారాల వయసు పిల్లలకైతే కొత్తది ఏదీ వద్దు. తల్లి దగ్గర ఉన్నప్పుడు ఏం కొరికాయో అదే పెట్టండి.

రోజూ పొద్దున్నే కింది ట్రే లాగి చూడండి. పెంటికలు గుండ్రంగా, పొడిగా ఉండి, వేళ్ల మధ్య నలిపితే గడ్డి పొడిలా రాలుతుంటే ఆకు ఇంకాస్త పెంచొచ్చు. ద్రాక్ష గుత్తుల్లా అంటుకున్న మెత్తటివి తినకుండా వదిలేస్తుంటే మాంసకృత్తులు ఎక్కువయ్యాయని అర్థం. ఆకు తగ్గించి ఎండుగడ్డి పెంచండి.

ఆకులు

దశరథ గడ్డి, అవిసె, మునగ, మల్బరీ, అలసంద తీగ, పిల్లిపెసర అన్నీ మంచివే. కానీ ఎదిగే పిల్లలకూ పాలిచ్చే తల్లులకూ మొత్తం మేతలో 16 నుంచి 18 శాతం మాంసకృత్తులు చాలు. మునగాకు, అవిసె ఆకుల్లో ఎండబెట్టి తూచిన లెక్కన అంతకన్నా ఎక్కువే ఉంటాయి. కాబట్టి గరిక, గినీ గడ్డి ముందు, ఈ ఆకులు పైన కొసరుగా.

సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది, లేత చిగుళ్లలో మరీ ఎక్కువ. అదే పనిగా పెడితే బొచ్చు రాలిపోతుంది. చూడివాటికి అసలే వద్దు.

పేడ కలిపిన నీళ్ల తొట్టిలో పెంచే నాచులాంటి మొక్క అజొల్లా, అది నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే. బుట్టెడు పోస్తే పొట్ట నిండుతుంది, మాంసకృత్తులు మాత్రం మీరనుకున్నన్ని అందవు. పేడ వాసన పోయేదాకా కడిగి, నీళ్లు ఓడ్చి, కొంచెం పెట్టండి. మల్బరీ పట్టురైతు దగ్గర తెస్తే మందు కొట్టి ఎన్ని రోజులైందో అడిగి తెచ్చుకోండి.

చెక్కలు, దాణాలు

వేరుశనగ చెక్క ఎండాకాలంలో ఎలా వాడినా, వానాకాలంలో భయపడి వాడండి. తేమ తగిలిన చెక్కలో పెరిగే బూజు నుంచి అఫ్లాటాక్సిన్ వస్తుంది, కుందేలు కాలేయం దానికి అసలు తట్టుకోదు. ఎండబెట్టినా, ఉడికించినా ఆ విషం పోదు. ముక్కిన వాసన వచ్చిందంటే ఆ బస్తా ఎరువు గుంతకే.

పత్తి గింజల చెక్క వద్దు, గాసిపాల్ అనే విషం ఉంటుంది. పచ్చి సోయా గింజలు వద్దు. కంది పొట్టు, పెసర పొట్టు, పొద్దుతిరుగుడు చెక్క పొడిగా ఉంటే నయం. ఇవి కూడా ఒక్కపూటలో మార్చకండి. చెక్క కూడా కొత్త మేతే, ఆకుకు చెప్పిన లెక్కే దీనికీ.

బ్రాయిలర్ దాణా చవగ్గా వస్తోందని కొందరు వేస్తున్నారు. వేయకండి. కోళ్లకు కాక్సిడియా (పేగుల్లో చేరి పారుడు తెచ్చే పరాన్నజీవి) రాకుండా అందులో కలిపే మందుల్లో కొన్ని కుందేలు ప్రాణం తీస్తాయి. గేదెల దాణా కూడా వద్దు, యూరియా కలిపింది ఉంటుంది. పంజరాలూ కుందేళ్లూ కలిపి యూనిట్ అని అంటగట్టినవాళ్లు "గడ్డి తిని బతికేదానికి ఖర్చేముంటుంది" అని చెప్పి పోయారు. పిల్లల్ని తిరిగి కొంటామన్న ఆ ఫోన్ నంబర్లు ఇప్పుడు పలకవు. నష్టం మీదే, చూసుకోవాల్సిందీ మీరే.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

కోసిన గడ్డి గోనెసంచిలో కుక్కి సాయంత్రం దాకా ఉంచకండి. కుప్పలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందా, పారబోయండి. ఆరబెట్టి పెడదామనుకోకండి, పారబోయండి.

వాన నీళ్లు కారుతున్న గడ్డి పంజరంలో పడొద్దు. నీడలో పల్చగా పరిచి, తడి ఆరి వడిలిన తర్వాతే.

లేత జొన్న పిలకలు వద్దు. వాన ఎగ్గొట్టి వడిలినవైతే మరీ ప్రమాదం, వాటిలో సైనైడ్ తయారవుతుంది.

మార్కెట్ దగ్గర ఊరికే దొరికే క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకులు తేవొద్దు. గ్యాస్ పట్టేస్తాయి, పురుగుమందు సంగతి చెప్పక్కర్లేదు.

పాలకూర, తోటకూర రోజూ వద్దు. వాటిలో ఒంట్లోని కాల్షియాన్ని పట్టేసే ఆక్సలేట్లు ఎక్కువ.

టమాటా మొక్క ఆకు, బంగాళాదుంప ఆకు, ఉల్లి, వెల్లుల్లి, ఆముదం, గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, లంటానా, వయ్యారిభామ. ఒక్క రెమ్మ కూడా వద్దు. గడ్డి కోసేది కూలివాళ్లయితే ఈ మొక్కలు చేత్తో పట్టుకుని చూపించండి.

గడ్డిమందు కొట్టిన గట్టు మీద కోయకండి. పక్క చేను ఆసామిని అడగండి.

కుక్కలు తిరిగే చోట కోయకండి. వాటి పెంటలోని బద్దెపురుగు గుడ్లు గడ్డికి అంటి కుందేలు పొట్టలో నీటి బుడగలవుతాయి.

మేత నేల మీద వేయొద్దు, గడ్డి బుట్ట కట్టండి. తడి నేల, పెంటికలు, గడ్డి కలిశాయంటే కాక్సిడియా వస్తుంది.

ఎక్కువ మేత సాయంత్రం వేయండి. కుందేలు తినేది ఎక్కువగా రాత్రే.

ఎండుగడ్డి ఎప్పుడూ ఉండాలి. ఎప్పుడూ.

దాణా అయిపోయేదాకా ఆగి కొత్త బస్తా తేవొద్దు. పాతది వారానికి సరిపడా ఉండగానే తెచ్చి కలుపుతూ పోండి. ఒక్కపూటలో మేత మార్చకండి. కంపెనీ మారినా మేత మారినట్టే. తెలిసినవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటున్నారు.

పారుడు పట్టిందని ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ నోట్లో వేయకండి. సీకంలోని మంచి సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయి, బతికే కుందేలు కూడా పోతుంది.

సాయంత్రం వేసింది తెల్లారేదాకా ముట్టలేదంటే, మూలకు ముడుచుకుని పళ్లు కొరుకుతుంటే, పచ్చిమేత, దాణా రెండూ తీసేసి ఎండుగడ్డి, నీళ్లు మాత్రం ఉంచండి. మధ్యాహ్నం దాకా చూద్దామనుకోకుండా పశువైద్యుడికి చెప్పండి, దగ్గర్లో ఎవరూ లేకపోతే సంచార పశువైద్యశాల నంబరు 1962కి ఫోన్ చేయండి. గత పది రోజుల్లో ఏ రోజు ఏ మేత మార్చారో అడగకముందే చెప్పండి.