ల్యాప్‌టాప్‌కి ప్రింటర్ కలిపే ముందు జాగ్రత్తలు

కొత్త ప్రింటర్‌ని పెట్టెలోంచి తీయగానే ప్లగ్ పెట్టేయకండి. ముందు మూతలన్నీ తెరిచి లోపల చూడండి. కార్ట్రిడ్జ్ (ఇంకు డబ్బా) కదలకుండా అంటించిన రంగు టేపులు, అట్టముక్కలు ఉంటాయి. ఒక్క ముక్క మిగిలినా ఆన్ చేయగానే లోపల ఇరుక్కుపోవచ్చు.

- యూఎస్‌బీ కేబుల్‌కి తొందర వద్దు. కొన్ని మోడళ్లలో ముందు సాఫ్ట్‌వేర్ ఎక్కించి, అది అడిగాకే కేబుల్ పెట్టాలి. మాన్యువల్ ఒకసారి చూడండి.

- డ్రైవర్‌ని (ల్యాప్‌టాప్ నుంచి ప్రింటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) తయారీ కంపెనీ సొంత సైట్ నుంచే దించుకోండి. సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటనలు నొక్కొద్దు. "మీ ప్రింటర్‌లో లోపం ఉంది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని తెర మీద వస్తే అది మోసమే, దయచేసి ఫోన్ చేయకండి.

- వైఫై దగ్గరే ఎక్కువమందికి టెన్షన్. రూటర్లు ఎక్కువగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల సిగ్నల్ ఇస్తాయి, చాలా ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌నే అందుకుంటాయి. మీ రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరుంటే, ఆ పేరు అలాంటి ప్రింటర్ జాబితాలో కనిపించనే కనిపించదు. నేను ఇది తెలియక ఒక సాయంత్రమంతా వెతికాను. ల్యాప్‌టాప్, ప్రింటర్ రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి, గెస్ట్ వైఫై (అతిథుల కోసం విడిగా పెట్టేది) పనికిరాదు. వీపీఎన్ (ఇంటర్నెట్‌ని వేరే సర్వర్ గుండా మళ్లించే యాప్) ఉంటే కాసేపు ఆపండి.

- వైఫై పాస్‌వర్డ్, ల్యాప్‌టాప్ అడ్మిన్ పాస్‌వర్డ్ చేతిలో ఉంచుకోండి.