వాడిన ఫ్లైట్ సిమ్యులేటర్ పీసీ అమ్మకానికి పెట్టేముందు

మామూలు గేమింగ్ పీసీ కొనేవాళ్లు ముందు గ్రాఫిక్స్ కార్డు పేరు అడుగుతారు. ఫ్లైట్ సిమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌లో నిజం విమానంలా నడిపే ఆటలో, ఎగిరేవాళ్ల ప్రశ్న వేరు: పెద్ద ఎయిర్‌పోర్టులో దిగేటప్పుడు ఆట తడబడుతుందా? సిమ్యులేటర్‌లో చాలా భారం ప్రాసెసర్‌లోని ఒక్క ప్రధాన థ్రెడ్ (వరసగా సాగే ఒకే పని) మీదే పడుతుంది. ప్రకటనలో ఈ సంగతికే ముందు జవాబు ఉండాలి.

రైజెన్ 5 3600, 16 జీబీ ర్యామ్, 6 జీబీ జీటీఎక్స్ 1660 సూపర్ ఉన్న పీసీ అనుకుందాం. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020కి సిఫారసు చేసినది 16 జీబీ ర్యామ్, 4 జీబీ వీడియో మెమరీ. అంటే ఇది హాయిగా సరిపోతుంది. 2024 వెర్షన్‌కి 16 జీబీ ర్యామ్ కనీసం మాత్రమే. సిఫారసు 32 జీబీ, వీడియో మెమరీ 8 జీబీ. కాబట్టి "2024 అల్ట్రాలో (అత్యధిక గ్రాఫిక్స్ సెట్టింగ్‌లో) ఆడుతుంది" అని రాయకండి, మర్నాడే ఫోన్ వస్తుంది.

ముందు టాస్క్ మేనేజర్‌లో మెమరీ వేగం చూడండి. 3200 వేగం ఉన్న ర్యామ్ 2133 లేదా 2400 అని చూపిస్తే బయోస్‌లో (పీసీ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్‌లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్, ఆఫ్‌లో ఉన్నట్టే. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయినా, బయోస్ అప్‌డేట్ చేసినా అది ఆఫ్ అయిపోవచ్చు. దాన్ని ఆన్ చేస్తే చాలు, పైసా ఖర్చు లేకుండా తడబాటు కొంత తగ్గుతుంది. ర్యామ్ ఒక్క స్టిక్కే ఉంటే అలాంటిదే ఇంకోటి కొని జతచేయడం లాభమే.

దుమ్ము దులిపి, ప్రాసెసర్‌కు కొత్త థర్మల్ పేస్ట్ రాశాక పరీక్ష పెట్టండి. సిమ్యులేటర్ డెవలపర్ మోడ్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) డిస్‌ప్లే ఆన్ చేసి, ఎయిర్‌లైనర్‌తో శంషాబాద్‌లోనూ లండన్ హీత్రూలోనూ దిగండి. ఒక్కోటి 20 నిమిషాలు. ఎఫ్‌పీఎస్, ఉష్ణోగ్రత రెండూ కనిపించేలా వీడియో తీయండి. ఖాళీ పొలాల మీద ఎగిరిన వీడియో చూసి తెలిసినవాళ్లు నవ్వుకుంటారు.

జాయ్‌స్టిక్‌ను విడిగా అమ్మితేనే మంచి ధర వస్తుంది. విండోస్ కాలిబ్రేషన్ పేజీలో ట్విస్ట్ రడ్డర్ (స్టిక్‌ను మెలితిప్పితే కదిలే అక్షం) తిప్పకుండానే వణుకుతుంటే, సాధారణంగా లోపలి పొటెన్షియోమీటర్ (కదలికను కొలిచే భాగం) అరిగిందని అర్థం. ఆ మాట ప్రకటనలోనే చెప్పండి.

ధర వేసేటప్పుడు ఒక్కో పార్టుకు సెకండ్ హ్యాండ్‌లో ఎంత పలుకుతోందో కూడి, కొంత తగ్గించండి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) షాపుల్లో ఇంకా తక్కువే ఇస్తారు, కాకపోతే పని వెంటనే అయిపోతుంది. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 3600లో విండోస్ 11 నడుస్తుంది. మొదటి తరం రైజెన్ అయితే అధికారిక మద్దతు లేదు, ధర తగ్గించుకోక తప్పదు.

అసలు చిక్కు ఇక్కడుంది. డేటా చెరిపేస్తే కొనేవాళ్లకు ఆడి చూపించడానికి ఆట ఉండదు, చెరపకపోతే మీ అకౌంట్లు వాళ్ల చేతికి పోతాయి. ఆటా, కొన్న విమానాలూ మీ అకౌంట్‌కే కట్టుబడి ఉంటాయి, పీసీతో పాటు వెళ్లవు. అందుకని అన్ని అకౌంట్లలో సైన్ అవుట్ అయి, "రీసెట్ దిస్ పీసీ"లో అన్నీ తీసేసే ఎంపికతో పాటు "క్లీన్ డేటా" కూడా పెట్టి రీసెట్ చేయండి. తర్వాత లోకల్ అకౌంట్‌తో (ఆన్‌లైన్ లాగిన్ లేని విండోస్ అకౌంట్‌తో) ఎక్స్-ప్లేన్ 12 అనే మరో సిమ్యులేటర్ ఉచిత డెమో వేసి ఉంచండి. మీ లాగిన్ అక్కర్లేకుండానే వాళ్లు విమానం నడిపి చూసుకుంటారు.

బస్సు పార్శిల్‌లో పంపాల్సి వస్తే గ్రాఫిక్స్ కార్డు విప్పి విడిగా ప్యాక్ చేయండి, కుదుపులకు స్లాట్ విరుగుతుంది. డబ్బు పంపుతున్నామంటూ క్యూఆర్ స్కాన్ చేయమన్నా, పిన్ కొట్టమన్నా ఆ బేరం అక్కడితో వదిలేయండి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు.